అమరోనే: గ్లాసులోకి ఎంత, పళ్లెంలోకి ఏమిటి?

ఇటలీ రెడ్ వైన్లలో బలమైనదిగా పేరుపడ్డ అమరోనే మీద ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా రెండు ఫిర్యాదులే. ఒకటి, ఆల్కహాలు ఘాటు తప్ప మరేమీ తెలియడం లేదని. రెండు, ఏ వంట పక్కన పెట్టినా ఆ వంట రుచిని ఈ వైన్ మింగేస్తోందని. చాలాసార్లు ఇందులో సీసా తప్పేమీ ఉండదు. వైన్‌ను మరీ వెచ్చగా పోయడం, గ్లాసు నిండా పోయడం, పక్కన నప్పని వంటకం పెట్టడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ముందు ఈ వైన్ ఎలా తయారవుతుందో, ఎలా కొనాలో చూసి, తరువాత ఆ సంగతుల్లోకి వెళ్దాం.

ప్రశ్న: వాల్పోలిచెల్లా, రిపాస్సో, అమరోనే, రెచోతో నాలుగూ ఒకే ప్రాంతపు వైన్లంటారు. మరి బలంలో, రుచిలో ఇంత తేడా ఎలా వస్తుంది?

జవాబు: తోటలు అవే, ద్రాక్ష అదే. కోత అయ్యాక జరిగే పనిలోనే తేడా ఉంది.

వెరోనా నగరానికి ఉత్తరాన ఉన్న కొండలూ లోయలే వాల్పోలిచెల్లా ప్రాంతం. అక్కడ పెద్దరికం కొర్వీనా రకం ద్రాక్షది. అమరోనేలో అది 45 నుంచి 95 శాతం వరకు ఉండాలని నిబంధన. దాని బదులు కొంత కొర్వినోనే అనే రకాన్ని వాడుకోవచ్చు. రొందినెల్లా అనే మరో రకం 5 నుంచి 30 శాతం ఉండాలి. తాజా పండ్లను కోసిన వెంటనే చిదిమి పులియబెడితే వచ్చేది మామూలు వాల్పోలిచెల్లా. తేలికగా, చెర్రీ వాసనతో, పన్నెండు శాతం అటూ ఇటూ ఆల్కహాలుతో ఉంటుంది.

అమరోనేకి దెబ్బ తగలని, వదులుగా ఉన్న గుత్తులను ఏరి కోస్తారు. వాటిని ఒకే వరసలో పరిచి, గాలి బాగా ఆడే అటకల మీద మూడు నుంచి నాలుగు నెలలు ఆరబెడతారు. ఆ అటకను ఫ్రుత్తాయో అంటారు, ఆరబెట్టే పద్ధతిని అప్పస్సిమెంతో అంటారు. పూర్వం వెదురు తడకల మీద పరిచేవారు. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పెట్టెలు, ఫ్యాన్లు, తేమను తగ్గించే యంత్రాలు వాడుతున్నారు. పండు బరువులో మూడో వంతు, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ, నీరుగా పోతుంది. చక్కెర, తొక్కలో వగరునిచ్చే టానిన్లు, రంగు అన్నీ చిక్కబడతాయి. మామూలు సంవత్సరాల్లో డిసెంబర్ 1కి ముందు ఆ పండ్లను చిదమకూడదు. వంద కిలోల తాజా ద్రాక్ష నుంచి నలభై లీటర్లకు మించి వైన్ తీయకూడదన్నది కూడా నిబంధనే. సీసా ఖరీదుకు మొదటి కారణం ఇదే.

ఆరబెట్టే నెలల్లో అసలు భయం బూజు. గుత్తిలో ఒక్క పండు పగిలి ఉన్నా, నాలుగు రోజులు పొగమంచు పట్టి గాలి ఆడకపోయినా, బూడిదరంగు బూజు పెట్టె అంతా పాకుతుంది. అలాంటి పండ్లతో చేసిన వైన్ రంగు త్వరగా గోధుమరంగులోకి తిరుగుతుంది. అందుకే వానలు ఎక్కువగా పడ్డ 2014లో కొందరు తయారీదారులు అమరోనే చేయనే లేదు.

చిదిమాక పులియడం నడి చలికాలంలో, చాలా నెమ్మదిగా సాగుతుంది. ఈస్ట్ మధ్యలో ఆగిపోయినా, ఆపేసినా చక్కెర మిగిలి తియ్యటి రెచోతో అవుతుంది. చివరిదాకా పులిస్తే అమరోనే. ఆ తరువాత మిగిలిన పిప్పి మీద మామూలు వాల్పోలిచెల్లాను పోసి రెండోసారి పులియనిస్తే రిపాస్సో. ఆ పిప్పిలో మిగిలిన చక్కెర, టానిన్ల వల్ల దానికి కొంత ఒంటినిండుతనం, ఒకటి ఒకటిన్నర శాతం ఆల్కహాలు అదనంగా వస్తాయి. రిపాస్సోను "చిన్న అమరోనే" అని అమ్మేవారి మాట మాత్రం పట్టించుకోవద్దు. అది మంచి భోజనపు వైన్, దాని దారి దానిదే.

ప్రశ్న: అమరోనే రోమన్ల కాలం నుంచీ ఉందని ఒక సీసా మీద చదివాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. వెరోనా ప్రాంతంలో ద్రాక్షను ఆరబెట్టి వైన్ చేయడం చాలా పాతది. 6వ శతాబ్దంలో ఒస్ట్రోగోత్ రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కస్సియోడోరస్, రాజుగారి బల్లకు ఆ వైన్ కావాలని రాసిన లేఖ ఉంది. కానీ అది తియ్యటి వైన్, అంటే రెచోతో పూర్వీకురాలు. తీపి లేని అమరోనే ఒక ప్రత్యేకమైన పేరుతో నిలబడింది 20వ శతాబ్దంలోనే. నెగ్రార్‌లోని సహకార సంఘం నేలమాళిగలో 1936లో ఆ పేరు పుట్టిందని అక్కడివారు చెబుతారు. ఇటలీ వైన్లకిచ్చే అత్యున్నత శ్రేణి అయిన డీఓసీజీ హోదా వచ్చింది 2010లో.

ప్రశ్న: లేబుల్ మీద ఏయే సంగతులు చూసి కొనాలి?

జవాబు: మొదట మెడ దగ్గర డీఓసీజీ పట్టీ, దాని మీద వరుస సంఖ్య ఉన్నాయా అని చూడండి. తరువాత ఆల్కహాలు శాతం. కనీసం 14 ఉండాలి. మార్కెట్లో ఎక్కువగా 15 నుంచి 16.5 దాకా కనిపిస్తాయి. 17 అని ఉంటే గ్లాసు ఇంకా చిన్నది చేసుకోండి.

"క్లాస్సికో" అంటే పాత తోటలున్న అయిదు గ్రామ పరిధుల పంట అని అర్థం: నెగ్రార్, మరానో, ఫుమానే, సాంత్ అంబ్రోజో, సాన్ పియెత్రో ఇన్ కరియానో. అది స్థలానికి గుర్తు, నాణ్యతకు హామీ కాదు. వాటికి తూర్పున ఉన్న వాల్పాంతెనా లోయలోనూ, ఇంకా అవతల లోయల్లోనూ గొప్ప అమరోనేలు ఉన్నాయి. "రిజర్వా" అంటే కనీసం నాలుగేళ్లు నిల్వ చేసినది. మామూలు అమరోనేకి రెండేళ్లు చాలు.

లేబుల్ చెప్పనిది, అడిగి తెలుసుకోవలసినది ఒకటుంది. ఏ పీపాలో నిల్వ చేశారు? కొన్ని వేల లీటర్లు పట్టే పాత స్లావోనియా ఓక్ పీపాల్లో ఉంచితే చెక్క వాసన దాదాపు రాదు. ఎండు చెర్రీ, మసాలా, టీ ఆకు వాసనలు పైకి వస్తాయి. బారిక్ అనే 225 లీటర్ల చిన్న, కొత్త ఫ్రెంచ్ పీపాలో ఉంచితే వెనిల్లా, కాఫీ, చాక్లెట్ వాసనలు తోడవుతాయి. వంటతో తాగేందుకు మొదటి రకాన్నే మేం సిఫారసు చేస్తాం. ఎండిన పండు తెచ్చిన చిక్కదనం మీద కొత్త చెక్క తీపిని కూడా ఎక్కిస్తే నాలుక త్వరగా అలసిపోతుంది.

ప్రశ్న: సీసా ఎప్పుడు తెరవాలి? గాలికి ఎంతసేపు వదలాలి? గది ఉష్ణోగ్రతలో తాగమని అంటారు కదా, అలా తాగితే స్పిరిట్ వాసనే వస్తోంది.

జవాబు: "గది ఉష్ణోగ్రత" అన్న సలహా గదులు చల్లగా ఉండే పాతకాలపు రాతి ఇళ్లలో పుట్టింది. ఈ వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ సరైనది. 22 దాటితే ఆల్కహాలు వేగంగా ఆవిరై, మిగతా వాసనలకంటే ముందే ముక్కులోకి ఎక్కుతుంది. మీకు వచ్చింది అదే. మరీ చల్లబరిచి 12 డిగ్రీలకు దించితే వాసన మూసుకుపోయి, టానిన్ల వగరు, చివరి చేదు పైకి వస్తాయి.

సీసా 24, 25 డిగ్రీల గదిలో ఉంటే ఫ్రిజ్‌లో ముప్పావు గంట నుంచి గంట ఉంచితే సరిపోతుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం నీరు, సగం ఐసు వేసి పది పన్నెండు నిమిషాలు. ఒట్టి ఐసు వేస్తే గాజుకు అక్కడక్కడే తగులుతుంది, చల్లబడటానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. 16 డిగ్రీల దగ్గర పోయండి. గ్లాసులో నిమిషాల్లోనే ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది, అది మంచిదే.

ఇక గాలి సంగతి. కార్కు తీసి సీసాను అలాగే వదిలేస్తే దాదాపు ఏమీ జరగదు. సీసా మెడలో గాలి తగిలే చోటు రూపాయి బిళ్ల వెడల్పు కూడా ఉండదు. డికాంటర్‌లోకి, అంటే అడుగు వెడల్పుగా ఉన్న గాజు కూజాలోకి, పోయాల్సిందే. కోత ఏడాది నుంచి ఎనిమిదేళ్లలోపు సీసా అయితే గంటన్నర, రెండు గంటలు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల మధ్యది అయితే ముప్పావు గంట చాలు. అంతకంటే పాతదాన్ని గాలికి వదలకండి. దాని విషయంలో డికాంటర్ మడ్డిని వేరు చేయడానికే. ముందు రోజే సీసాను నిటారుగా నిలబెట్టండి. తెరిచాక మెడ కింద చిన్న దీపం పెట్టుకుని, ఒకే ధారగా, ఆపకుండా పోయండి. మెడ దగ్గరికి మడ్డి చేరగానే ఆపేయండి. మధ్యలో ఆపి మళ్లీ వంచితే సీసాలో అల లేచి మడ్డంతా కలిసిపోతుంది. పాత కార్కు మెత్తబడి ఉంటుంది కాబట్టి మరసూది దింపేకంటే రెండు రేకుల ఓపెనర్‌ను పక్కల నుంచి దించి, తిప్పుతూ లాగడం మేలు.

డికాంటర్‌ను వేడి గదిలో రెండు గంటలు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పోయబోయే ముందు ఇంకో పది నిమిషాలు చల్లబరచండి.

ప్రశ్న: రుచి చూసేవారు చెర్రీ, అంజూరం, పొగాకు అని ఏవేవో చెబుతారు. నాకు తీపి, మంట మాత్రమే తెలుస్తున్నాయి. ఎలా నేర్చుకోవాలి?

జవాబు: పేర్లు తరువాత. ముందు నోట్లో ఏం జరుగుతోందో విడివిడిగా పట్టుకోవాలి.

అయిదారు వందల మిల్లీలీటర్లు పట్టే, పైకి ముడుచుకున్న గ్లాసు తీసుకుని అందులో 40, 50 మిల్లీలీటర్లే పోయండి. తిప్పకండి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తేలికపాటి వైన్‌ను తిప్పినట్టే దీన్నీ గిరగిరా తిప్పి, వెంటనే ముక్కు లోపలికి పెట్టేస్తారు. తిప్పగానే ముందు లేచేది ఆల్కహాలే. కదపకుండా, అంచుకు రెండు వేళ్ల దూరంలో ముక్కు ఉంచి చిన్నగా రెండుసార్లు పీల్చండి. చెర్రీ, ఎండు రేగు లాంటి పండు వాసనలు అప్పుడే దొరుకుతాయి. తరువాత ఒక్కసారి నెమ్మదిగా తిప్పి, పది లెక్కపెట్టి మళ్లీ చూడండి. దాల్చినచెక్క, లవంగం, కోకో, పొగాకు ఈ రెండో విడతలో వస్తాయి. గ్లాసు గోడల మీద జారే చారలు చూసి నాణ్యతను అంచనా వేయకండి. అవి ప్రధానంగా ఆల్కహాలు వల్ల ఏర్పడేవే, అమరోనేలో ఎలాగూ ఎక్కువే ఉంటాయి.

ఇప్పుడు ఒక చెంచాడు నోట్లోకి తీసుకుని ఆరేడు సెకన్లు నోరంతా తిప్పండి. నాలుగు సంగతులు గమనించండి. తీపి ముందే తెలుస్తుంది. పులుపును నోట ఊరే నీటిని బట్టి కనిపెట్టాలి. మింగాక రెండు మూడు సెకన్లలో నీరు ఊరితే పులుపు చాలినంత ఉంది, ఇంత చిక్కటి వైన్‌ను నిలబెట్టేది అదే. వగరు చిగుళ్ల మీద, పెదవుల లోపలి వైపు తెలుస్తుంది. పొడిపొడిగా, గరుకుగా ఉంటే వైన్ ఇంకా పడుచుది. మెత్తని గుడ్డ రాసినట్టుంటే తయారైంది. మంట గొంతులో తెలుస్తుంది. వెచ్చగా ఉండాలి కానీ మండకూడదు. చివర్లో సన్నని చేదు, ఎండు చెర్రీ గింజలాంటిది, మిగలాలి. అది లోపం కాదు, ఈ వైన్ గుర్తే అది.

మీరు చెప్పిన తీపి నిజంగా చక్కెరదేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లో పెట్టుకోండి. తీపి చాలావరకు మాయమైతే అది ఎండుపండ్ల వాసన కలిగించిన భ్రమ. ముక్కు మూసినా తీపి అలాగే ఉండి, తరువాత పెదవులకు జిగురు తగిలితే చక్కెర మిగిలి ఉన్నట్టే. ఆల్కహాలుకూ, పులిసేటప్పుడు పుట్టే గ్లిజరాల్‌కూ కూడా కొంచెం తీపి ఉంటుంది కాబట్టి పూర్తిగా సున్నా ఎప్పుడూ రాదు. తీపి లేని వైన్‌గా అమ్మినా లీటరుకు కొద్ది గ్రాముల చక్కెర దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. 3, 4 గ్రాములు ఉన్నదానికీ 8, 9 గ్రాములు ఉన్నదానికీ భోజనం దగ్గర చాలా తేడా వస్తుంది. ఎక్కువ చక్కెర ఉన్నది మాంసానికి బదులు చీజ్‌కి దాచుకోండి.

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది. ఒకే తయారీదారు చేసిన మామూలు వాల్పోలిచెల్లా, రిపాస్సో, అమరోనే మూడింటినీ ఆ వరుసలోనే పక్కపక్కన పెట్టి రుచి చూడండి. వరుస తిరగేస్తే మొదటిది నీళ్లలా అనిపిస్తుంది. మింగకుండా ఉమ్మేయండి, లేకపోతే మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి తీర్పు చెప్పే నాలుక మీది కాదు.

ప్రశ్న: తెరిచిన సీసాలో గోళ్ల రంగు వాసన వచ్చింది. అమ్మినవారేమో అమరోనే అంటే అలాగే ఉంటుందన్నారు. పాడైనట్టా, కాదా?

జవాబు: వారి మాటలో కొంత నిజముంది, కొంత తప్పించుకోవడమూ ఉంది. చక్కెర మరీ ఎక్కువగా ఉన్న రసంలో ఈస్ట్‌కి ఊపిరాడదు. తన కణంలోని నీరు బయటికి పోకుండా కాపాడుకోవడానికి అది గ్లిజరాల్ తయారు చేసుకుంటుంది. ఆ పనిలో భాగంగానే ఎసిటిక్ ఆమ్లం కూడా మామూలుకంటే ఎక్కువ పుడుతుంది. అందుకే ఆరబెట్టిన పండ్ల వైన్లన్నిట్లో ఈ ఘాటు కాస్త ఉంటుంది. తక్కువ మోతాదులో అది పండు వాసనను పైకి లేపుతుంది. డికాంటర్‌లో అరగంట ఉంచాక తగ్గి పండు ముందుకొస్తే నిశ్చింతగా తాగండి. గంట తరువాత కూడా గోళ్ల రంగో, వినిగరో ముందుండి, మింగాక గొంతు వెనక గీరినట్టుంటే అది లోపమే, సీసా తిరిగి ఇచ్చేయండి.

మిగతా లోపాలూ గుర్తుపెట్టుకోండి. తడిసిన అట్టపెట్టె, ముక్కిన గోనెసంచి వాసన వస్తే కార్కు దోషం. గాలి తగిలేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది, విరుగుడు లేదు. పడుచు సీసాలోనే రంగు గోధుమగా మారి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే గాలి చొరబడింది. గుర్రపుశాల వాసన బ్రెట్ అనే ఈస్ట్ పని. అది కొద్దిగా ఉంటే ఇష్టపడేవారూ ఉన్నారు. మేం ఆ జట్టులో లేం.

ప్రశ్న: ఏ వంటతో పెట్టాలి? మంచి స్టేక్ పక్కన పెడితే రెండూ పోట్లాడుకున్నట్టున్నాయి.

జవాబు: పైపైన కాల్చి లోపల ఎర్రగా ఉంచిన స్టేక్‌కి కావలసింది పదునైన వగరు, పులుపు. ఆ పని సాంజోవేసే రకం ద్రాక్షతో చేసే టస్కనీ రెడ్ వైన్లు బాగా చేస్తాయి. అమరోనే బలం చిక్కదనంలో ఉంది. పళ్లెంలోనూ అలాంటి చిక్కదనమే ఉండాలి. గంటల తరబడి మూతపెట్టి వండిన మాంసంలో జిగురు కరిగి పులుసు చిక్కబడుతుంది. ఆ జిగురు, మాంసకృత్తులు, కొవ్వు టానిన్లను పట్టేస్తాయి. ఉప్పు చేదును అణుస్తుంది. అప్పుడు వైన్‌లో పండు మాత్రమే ముందుకు వస్తుంది.

వెరోనావాళ్ల బల్ల చూస్తే ఇది తెలుస్తుంది. ఉల్లిపాయలు, లవంగాలు, దాల్చినచెక్కతో వైన్‌లో ఊరబెట్టి, చాలాసేపు ఉడికించే గుర్రం మాంసం కూర పాస్తిస్సాదా దె కావల్, పక్కన మొక్కజొన్న పిండితో చేసే పొలెంతా. గొడ్డుమాంసంతో చేసే బ్రసాతో కూడా అదే తీరు. కిలో భుజం ముక్కకు అర లీటరు వైన్ పోసి రాత్రంతా ఊరబెట్టి, ముక్కను తుడిచి అన్ని వైపులా ఎర్రగా వేయించి, వడకట్టిన వైన్‌తో సన్నని సెగ మీద మూడు గంటలు. తుడవకుండా తడి ముక్కను బాణలిలో వేస్తే అది వేగదు, ఉడుకుతుంది, పులుసు పాలిపోతుంది. బ్రసాతోకి ఖరీదైన సీసా పోయనక్కర్లేదు, మామూలు వాల్పోలిచెల్లా చాలు. మూడు గంటల సెగలో అమరోనే ప్రత్యేకత ఏదీ మిగలదు. గ్లాసులోకి మాత్రం అమరోనే పోయండి.

అయినా మమ్మల్ని ఒక్కటే ఎంచుకోమంటే మాంసాన్ని పక్కన పెట్టి పాత చీజ్‌ని తీసుకుంటాం. వెరోనాకు ఉత్తరాన లెస్సీనియా కొండల ఆవుపాలతో చేసే మోంతె వెరొనేజే, ఏడాదికి పైగా పాతది. లేదా ముప్పై నెలల పార్మిజానో రెజ్జానో. చీజ్‌ని గంట ముందే బయట పెట్టి, కత్తితో పలచగా కోయకుండా గడ్డలుగా విరవండి. మనిషికి 40 గ్రాములు చాలు. ఘాటైన గోర్గోంజోలా కూడా నప్పుతుంది, కానీ తీపి కాస్త మిగిలిన అమరోనేతోనే. తాజా మోజరెల్లా లాంటి మెత్తటి చీజ్‌తో వద్దు. వైన్ ముందు అవి కనిపించవు.

ప్రశ్న: మాంసం తినని వారికి?

జవాబు: పోర్చీనీ పుట్టగొడుగులను వెన్నలో బాగా నీరు ఇగిరేదాకా వేయించి పొలెంతా మీద వేసి, పైన పాత చీజ్ తురిమితే ఏ మాంసానికీ తీసిపోదు. పుట్టగొడుగుల్లోని మాంసపు రుచి ఉప్పు తక్కువైతే వైన్ చేదును పెంచుతుంది, కాబట్టి ఉప్పు, చీజ్ తగ్గించకండి. వెరోనా ఎర్ర రాదిక్కియో ఆకును నిప్పుల మీద కాల్చి పెట్టడం అక్కడి అలవాటు. దాని చేదు, వైన్ చేదు కలిసి మెత్తబడాలంటే నూనె ధారాళంగా పోయాలి. దాని మీద వినిగర్ చల్లారంటే వైన్ చప్పబడిపోతుంది.

ప్రశ్న: చేపలతో?

జవాబు: వద్దు. వైన్‌లోని ఇనుము చేప నూనెలతో కలిస్తే నోట్లో లోహపు వాసన, నీచు మిగులుతాయి.

ప్రశ్న: ఘాటైన వంటకు ఘాటైన వైన్ అని విన్నాను. కలాబ్రియా మిరపకాయల సాసేజ్ ఎందూయాతో ప్రయత్నిస్తే నోరు మంటెత్తింది. ఎందుకలా?

జవాబు: నోటిలో వేడిని కనిపెట్టే గ్రాహకాన్నే మిరపలోని కాప్సైసిన్ కూడా మీటుతుంది. ఆల్కహాలు ఆ గ్రాహకాన్ని ఇంకా సులువుగా స్పందించేలా చేస్తుంది. పదహారు శాతం వైన్ మిరప కారాన్ని ఆర్పదు, ఎగదోస్తుంది. పైగా ఆ మంటలో పండు రుచి తెలియదు, వగరు రెట్టింపవుతుంది. అలాంటి తిండికి ఆల్కహాలు తక్కువగా ఉండి, కాస్త తీపి, నురుగు ఉన్న చల్లటి లాంబ్రుస్కో వైన్ చాలా మేలు. నల్లమిరియాలు, లవంగం, జాజికాయ లాంటి మసాలాలతో మాత్రం అమరోనేకి పేచీ లేదు.

ప్రశ్న: అమరోనేతో రిజోత్తో (ఇటలీ అన్నం వంటకం) చేశాను. చేదుగా, బూడిద కలిసిన ఊదారంగులో వచ్చింది. ఎక్కడ తప్పింది?

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు.

చేదుకు కారణం చాలావరకు వైన్‌ను విడిగా మరిగించి పాకంలా ఇగరబెట్టడం. నీరు, ఆల్కహాలు పోతాయి కానీ టానిన్లు పోవు, చిక్కబడతాయి. ఉల్లిపాయ మాడినా ఇదే జరుగుతుంది. రంగు మారడానికి కారణం పులుపు తగ్గడం. ద్రాక్ష తొక్కలోని రంగు పులుపులో ఎర్రగా ఉంటుంది, పులుపు తగ్గేకొద్దీ ఊదాకు, నీలానికి తిరుగుతుంది. మాంసం లేదా కూరగాయలు ఉడికించిన రసం ఎక్కువై వైన్ తక్కువైతే అంతే. ఇనుప బాణలి వాడితే టానిన్లతో కలిసి నల్లబడుతుంది కూడా. స్టీలు గిన్నె, లేదా లోపల పూత ఉన్నది వాడండి.

నలుగురికి కొలతలు ఇవి: ఈసోలా దెల్లా స్కాలా వైపు పండే వియాలోనె నానో బియ్యం 320 గ్రాములు, అమరోనే 400 మిల్లీలీటర్లు, ఉప్పు తక్కువగా వేసిన మాంసం రసం లేదా కూరగాయల రసం ఒక లీటరు, వెన్న 70 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయ 40 గ్రాములు, తురిమిన పాత మోంతె వెరొనేజే 80 గ్రాములు. ఇష్టమైతే ఎముక మూలుగ 30 గ్రాములు.

ఉల్లిపాయను 30 గ్రాముల వెన్నలో, మూలుగ ఉంటే దానితో, సన్న సెగ మీద రంగు మారకుండా మెత్తబరిచి తీసి పక్కన పెట్టండి. అదే గిన్నెలో బియ్యం వేసి రెండు మూడు నిమిషాలు, గింజ తాకితే వేలికి చురుక్కుమనేదాకా వేయించండి. వైన్‌ను మరో గిన్నెలో ఆవిరి కనిపించేదాకా వెచ్చబెట్టండి, మరగనివ్వకండి. చల్లటి వైన్ పోస్తే గిన్నె చల్లబడి ఉడకడం ఆగిపోతుంది. వైన్‌ను మూడు విడతలుగా, ముందు పోసింది ఇంకాక తరువాతది పోయండి. మూడోది ఇంకాక ఉల్లిపాయ కలిపి, మరుగుతున్న రసం ఒక్కో గరిటె పోస్తూ కలపండి. వియాలోనె నానో మొత్తం పదిహేను, పదహారు నిమిషాల్లో ఉడుకుతుంది. పద్నాలుగో నిమిషంలో గింజ కొరికి చూడండి.

పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మిగతా 40 గ్రాముల వెన్న, చీజ్ వేసి గట్టిగా కలపండి. సెగ మీద ఉండగానే వేస్తే వెన్న విడిపోయి నూనె తేలుతుంది, చీజ్ తీగలు సాగుతుంది. పళ్లెం వంచితే అలలా జారాలి. ముద్దగా నిలబడితే అర గరిటె రసం కలపండి. ఉప్పు చూసేది చివర్లోనే, చీజ్ కలిపాక.

400 మిల్లీలీటర్ల అమరోనే పోయడానికి చేయి రాకపోతే 300 మిల్లీలీటర్ల రిపాస్సోతో వండి, చివరి వంద మాత్రం అమరోనే పోయండి. అది చివరి విడతగా వెళ్లాలి కానీ పొయ్యి ఆపాక కాదు, లేకపోతే పచ్చి ఆల్కహాలు వాసన వస్తుంది. వండిన తరువాత కూడా కొంత ఆల్కహాలు మిగులుతుంది. పిల్లలకూ, తాగని వారికీ ఇది పెట్టకండి.

ప్రశ్న: చాక్లెట్‌తో బాగుంటుందంటారు, నిజమా?

జవాబు: డెబ్బై శాతం దాటిన, చక్కెర తక్కువ ఉన్న నల్ల చాక్లెట్ ఒక ముక్క అయితే సరే. కేకు, తీపి క్రీము పక్కన మాత్రం అమరోనే పుల్లగా, చేదుగా మారుతుంది. పళ్లెంలోని తీపి వైన్‌లోని తీపిని మించితే ఎప్పుడూ అంతే. తీపి వంటకు రెచోతో ఉంది.

ప్రశ్న: నలుగురికి ఒక సీసా సరిపోతుందా? మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది? తెరవని సీసాను ఎన్నేళ్లు దాచవచ్చు?

జవాబు: మనిషికి వంద మిల్లీలీటర్లు పోయండి. పదహారు శాతం దగ్గర అందులోనే పన్నెండు, పదమూడు గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. అంటే 750 మిల్లీలీటర్ల సీసా ఏడుగురికి ఒక్కో గ్లాసు వస్తుంది. నలుగురి భోజనంలో ముందు తేలికపాటి వాల్పోలిచెల్లా పెట్టి, అమరోనేని ప్రధాన వంటకంతోనో చీజ్‌తోనో తెస్తే సీసా మిగులుతుంది కూడా. పక్కన మంచినీళ్లు తప్పనిసరి. తాగాక బండి నడపవద్దు.

మిగులుతుందని ముందే తెలిస్తే, సీసా తెరవగానే 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలోకి అంచుదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. అలా చేస్తే నాలుగైదు రోజులు నిక్షేపంగా ఉంటుంది. సగం ఖాళీ అయిన పెద్ద సీసాలో అయితే మూడో రోజుకే పండు వాసన తగ్గుతుంది. తాగే అరగంట ముందు బయటికి తీయండి.

తెరవని సీసాకు 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కుదుపు లేని చోటు, అడ్డంగా పడుకోబెట్టడం కావాలి. వంటగదిలో ఫ్రిజ్ పైన పెట్టడం అన్నిటికంటే చెడ్డది. కింద మోటారు వేడి, అదురు రెండూ తగులుతాయి. మంచి నిల్వలో కోత ఏడాది నుంచి ఆరేళ్లకు ముందు తెరవకపోతే మేలు. పదేళ్ల దగ్గర చాలా సీసాలు వాటి పూర్తి బలంలో ఉంటాయి. పేరున్న తయారీదారులవి ఇరవై దాటినా నిలుస్తాయి. మీ దగ్గర అలాంటి నిల్వ చోటు లేకపోతే దాచకండి, ఇప్పటికే ఏడెనిమిదేళ్లు వచ్చిన సీసా కొని ఈ నెలలోనే తాగేయండి.